ఆటలోని సమత్వము

మానవులందఱు నొక్క దేవుని బిడ్డలని ప్రార్థనామందిరమున నొప్పుకొనుట సులభము. ఆ మాటను నమ్మినవాఁడు పరజాతివానితో నిజముగా స్నేహము చేయఁగలఁడా యనునదియే ప్రశ్నము.

1944 మార్చి 12వ తేదీ ఆదివారము. ఉత్తర కెరొలైనాలోని డర్హాము నగరమునఁ బెక్కురు చర్చిలలో నుండిరి. ఆ వేళ డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యవిద్యార్థులగు తెల్లవారు రహస్యముగా నల్లవారి కళాశాలకుఁ బోయి, తలుపులు బిగించి, వారితో బాస్కెట్‌బాల్ ఆడిరి. ఉభయజాతులు కలిసి యాడరాదని యచ్చటి కట్టుబాటు. నల్లవారి జట్టునకు శిక్షకుఁడు జాన్ మెక్లెండన్. ఈ యాటను 1891లోఁ గల్పించిన నెయిస్మిత్ నొద్ద కాన్సస్‌లోఁ జదివియు, నల్లవాఁడగుటచే నచ్చటి జట్టులోఁ జోటు దొరకనివాఁడు. ఆయన జట్టు 88–44తో గెలిచెను.

అంతటితో ముగిసినచో నది పందెము మాత్రమే. పిమ్మట వారు జట్లను గలిపి మరల నాడిరి. ఆటయైన వెనుక వసతిగృహమునఁ గూర్చుండి మాటలాడుకొనిరి. నాకుఁ జూడ స్నేహమిచ్చటఁ బుట్టినది. మొదటి యాటలో నొకరి బలమును మఱియొకరు గుర్తించిరి. రెండవదానిలో నమ్మి బంతి నందిచ్చిరి. దయ చూపునపు డొకఁడు మీఁద, నొకఁడు క్రింద. ఆటలో నిద్దఱకు నొక్కటే నియమము.

అయినను తలుపులు మూసియే యుండెను. చాటున మాత్రమే నిలువఁగల స్నేహము పూర్ణము గాదు. ఆ లోపము మూసినవారిది గాదు, మూయించిన సంఘముదే. ఆ తలుపులను దెఱచునంతవఱకు మన విశ్వాసము మాటయే గాని, విశ్వాసము గాదు.