రోడ్డు మీది చావుకు కారణం ఉంది, ఖర్మ లేదు



పోయిన చలికాలం గోదావరిఖనిలో ఒక సంస్మరణ సభకు పోయిన. చనిపోయినాయన నైట్ షిఫ్టు దిగి, తెల్లవారుజామున రాజీవ్ రహదారి దాటుతుంటే లారీ గుద్దింది. త్రిశరణ పంచశీలలు అయినంక ఒక పెద్దమనిషి అన్నడు: "ఏంజేస్తం, వాని నుదుటిరాత గట్లున్నది." దీక్ష తీసుకొని ఇరవై ఏండ్లయిన మనిషి! ఎవరూ మారుమాట్లాడలేదు. నేను కూడా మాట్లాడలేదు. ఆ సిగ్గుతోనే ఇది రాస్తున్న.

మనది బాయి పని తెలిసిన ఊరు. బాయిలో కార్మికుడు చనిపోతే రాత అని ఊరుకుంటమా? చట్టం ప్రకారం ప్రమాదం సంగతి వెంటనే తెలపాలి, అధికారులు విచారణకు రావాలి. కప్పు ఎందుకు కూలింది, సపోర్టు పెట్టిండ్రా, పెట్టకుండానే లోపలికి పొమ్మన్నది ఎవరు అని అడుగుతరు. యూనియన్లు కొట్లాడుతయి. అదే మనిషి బాయిలోంచి క్షేమంగా పైకొచ్చి రోడ్డు మీద పోతే ఆ ప్రశ్నలన్నీ ఎటు పోతయి?

కారణం లేకుండా ఏదీ పుట్టదు, కారణాన్ని తీసేస్తే ఫలితం ఆగుతుంది. ప్రతీత్య సముత్పాదం మనకు నేర్పింది ఇదే. ఇప్పటి దుఃఖానికి పోయిన జన్మ కర్మ కారణమనే మాటను బాబాసాహెబ్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో తిరస్కరించారు. ఆ మాట ఒప్పుకుంటే చచ్చినోడే దోషి అయితడు, మిగిలినోళ్లంతా ఇంటికి పోవచ్చు.

కారణాలు వెతికితే దొరుకుతయి. మంచు, వెలగని దీపం, నడిచే జాగ లేక రోడ్డు అంచున నడక. వేగం రెండింతలైతే దెబ్బ బలం నాలుగింతలు. డ్రైవర్ తప్పు ఉండొచ్చు. మరి ట్రిప్పుల లెక్కన పైసలిచ్చి అతన్ని నిద్ర లేకుండా తిప్పినోని సంగతేంది? 2019లో మోటారు వాహనాల చట్టంలో 198-ఏ సెక్షన్ చేర్చిండ్రు. రోడ్డు ప్రమాణాలు పాటించక మనిషి చనిపోతే కాంట్రాక్టరుకైనా, బాధ్యత ఉన్న అధికారులకైనా లక్ష రూపాయల దాకా జరిమానా. ప్రాణానికి లక్షేంది అనిపిస్తది. అయినా రోడ్డుది కూడా తప్పు కావచ్చని చట్టమే ఒప్పుకున్నది.

2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోతే, అందులో 32,825 మంది నడిచిపోయేవాళ్లు. నడిచేదెవరు? బండి లేనోళ్లు. 1924లో వైకోంలో గుడి చుట్టూ ఉన్న రోడ్ల మీద నడిచే హక్కు కోసం సత్యాగ్రహం చేయాల్సి వచ్చింది. ఇయ్యాల నడవొద్దనే బోర్డు లేదు. నడిచే జాగే లేదు.

మన తప్పు కూడా చెప్పుకోవాలె. పాళీలో పమాదం అంటే ఏమరుపాటు. మద్యం మానమనే ఐదో శీలంలో ఆ మాటే ఉన్నది. శీలం నోటితో చెప్పి, జయంతి రాత్రి తాగి బండి తోలే పిల్లలు మన వాడల్లో లేరా?

సభ అయినంక చనిపోయినాయన తల్లి దగ్గరికొచ్చింది. "అయ్యా, ఆడ లైటు ఎన్ని దినాల సంది వెలుగుతలేదు?" అని అడిగింది. తెల్వదన్న. మర్నాడు నలుగురం పోయి ఆ స్తంభం నంబరు రాసుకొచ్చినం. రాత అన్న పెద్దమనిషి కూడా వచ్చిండు.