పదిమందిలో ఒక్కడి ఆట

మా అక్కయ్య కూతురి కొడుకు మా ఇంట్లో ఉండి ఇంజనీరింగు చదువుకుంటున్నాడు. కుర్రాడు బుద్ధిమంతుడే. పెట్టింది తింటాడు, తిన్న కంచం తనే కడుగుతాడు, మా వారిలాగా కూరలో ఉప్పు గురించి వ్యాఖ్యానాలు చెయ్యడు. ఉన్నదల్లా ఒక్కటే లోపం. రాత్రి తొమ్మిదయ్యేసరికి గదిలోకి పోయి, తలుపు దగ్గరగా వేసుకుని, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటరు ముందు కూర్చుంటాడు. ఇహ ఇంట్లో పెళ్ళి జరుగుతున్నా వాడికి పట్టదు.

ఒకరోజు మజ్జిగ ఇచ్చే నెపంతో లోపలికి వెళ్ళి వాడి వెనకాల నిలబడ్డాను. తెరమీద పెద్ద అడవి. అందులో మావాడి తాలూకు వీరుడు గుర్రమెక్కి పోతున్నాడు. దారిలో ఎవరెవరో ఎదురవుతున్నారు. ఒక్కొక్కరి తలమీదా ఒక్కో పేరు.

"వీళ్ళందరూ ఎవర్రా?"

"మనుషులే అమ్మమ్మా. ఎవరి దేశంలో వాళ్ళు కూర్చుని ఆడుతున్నారు."

"నీకు తెలిసినవాళ్ళేనా?"

"ఊహుఁ."

"మరి పలకరించవేం?"

"ఎందుకూ? నా పని నేను చేసుకుంటున్నాను గదా!"

నాకు ఒళ్ళు మండింది. ఒక్కడూ ఆడుకోదలుచుకుంటే ఒంటిగా ఆడే ఆటలు బోలెడున్నాయి. నెలనెలా డబ్బు కట్టి మరీ అంతమంది తిరిగే లోకంలోకి వెళ్ళి, అక్కడ ఎవరితోనూ మాట్లాడకుండా తిరగడమేమిటి? తిరనాళ్ళకి వెళ్ళి కళ్ళు మూసుకున్నట్టు! ఆ మాటే అన్నాను.

వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "నువ్వు ప్రతి శనివారం గుడికి వెళ్తావుగా. అక్కడ ఎంతమందితో మాట్లాడతావేమిటి?"

"నేను దేవుడికోసం వెళ్తానురా."

"దేవుడు మన ఇంట్లోనూ ఉన్నాడుగా!"

ఖాళీ గ్లాసు తీసుకుని వచ్చేశాను. వాడి ప్రశ్న కూడా నా వెనకాలే వంటింట్లోకి వచ్చింది. నిజమే, ఎవరూ లేని గుళ్ళో నాకు మనసు నిలవదు. పక్కన నలుగురు ఉండాలి. వాళ్ళ దణ్ణం వాళ్ళు పెట్టుకోవాలి, నా దణ్ణం నేను పెట్టుకోవాలి. దీన్ని ఏమంటారు? కలిసి ఉండటమా, విడిగా ఉండటమా?

అనుమానం వస్తే తేలేదాకా ఊరుకునే మనిషిని కాను. వాడినే అడిగీ, అక్కడా ఇక్కడా చదివీ కొంత పోగుచేశాను. ఈ ఆటలు నిన్నా మొన్నా పుట్టినవి కావు సుమండీ. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి ఇలాంటి లోకం ఒకటి కట్టడం మొదలుపెడితే, రిచర్డ్ బార్టిల్ అనే తోటి విద్యార్థి దాన్ని పెంచి పెద్దచేశాడు. దాని పేరు మడ్. అప్పట్లో బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఆ బార్టిలే 1996లో ఒక వ్యాసం రాసి, ఆడేవాళ్ళని పేకముక్కల్లా నాలుగు రకాలు చేశాడు. ఏదో ఒకటి సాధించి కూడబెట్టేవాళ్ళు డైమన్లు. మూలమూలా తవ్వి చూసేవాళ్ళు ఇస్పేట్లు. నలుగురితో కబుర్లకోసం వచ్చేవాళ్ళు ఆఠీన్లు. ఎదుటివాడి పని పట్టడంలోనే ఆనందం చూసుకునేవాళ్ళు కళావర్లు. చదువుతుంటే నాకు మా ఆడపడుచు కూతురి పెళ్ళి విడిది కళ్ళముందు కదిలింది. నాలుగు రకాలూ అక్కడ ఉన్నాయి. కళావర్లు ఒక పాలు ఎక్కువే ఉన్నాయి.

మావాడు ఆడే వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబరులో వచ్చింది. అంతకుముందు, 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ లాంటి ఆటల్లో తోడు లేనివాడికి అడుగు సాగడం కష్టంగా ఉండేదిట. ఇది మాత్రం, ఒంటిగా ఆడుకున్నా చివరి మెట్టుదాకా ఎక్కెయ్యొచ్చు అంది. అయితే ఆ చివర కొన్ని గుహలున్నాయి. అక్కడికి మొదట్లో నలభైమంది కలిసి వెళితేగాని పని అయ్యేది కాదు.

ఈ ఆట మీద 2006లో అమెరికాలో నలుగురు పరిశోధకులు ఒక పరిశీలన అచ్చువేశారు. అందులో డ్యూషెనో పాలో ఆల్టో పరిశోధన కేంద్రంవాడు, నిక్ యీ స్టాన్‌ఫర్డ్‌వాడు. లక్షకు పైగా పాత్రల రాకపోకలు గమనించి వాళ్ళు తేల్చిందేమంటే, పదిమందితో కలిసి ఆడే ఆటని పేరేగాని, చాలామంది చాలాసేపు ఒంటిగానే ఆడుతున్నారని. మరి మిగతా జనం ఎందుకయ్యా అంటే, చూడటానికీ, చూపించుకోవడానికీ, చుట్టూ అలికిడి ఉండటానికీనట!

ఇది తెలుసుకోవడానికి మనకి పరిశోధన అక్కర్లేదు. కొత్త పట్టుచీర కట్టుకుని ఖాళీ ఇంట్లో ఎంతసేపు తిరుగుతాం? పేరంటంలో ఎవరూ ఆ చీర ఊసెత్తకపోయినా సరే, నాలుగు కళ్ళు ఉండాలి. ఆ ఆటలోనూ అంతేట. కష్టపడి సంపాదించిన కవచం వేసుకుని, ఎవరికీ లేని గుర్రమెక్కి, నడిబజార్లో ఊరికే నిలబడతారుట. పాపం, వాళ్ళదీ పేరంటమే!

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఇందులో నవ్వులాట కాని సంగతి ఒకటుంది. పదిమంది ఉన్న చోట ఒకడు తన మానాన తానుంటే అది తప్పా? పలకరించలేదని వాడిని తప్పుపట్టే హక్కు మనకుందా?

నేను కాపరానికి వచ్చిననాటికి మా అత్తవారింట్లో పదకొండుమంది. పొద్దున్న లేచింది మొదలు నా పేరు ఎవరో ఒకరు పిలుస్తూనే ఉండేవారు. సాయంత్రం మేడమీద ఆరేసిన బట్టలు తేవడం నా వంతు. ఐదు నిమిషాల పనికి అరగంట పట్టేది. తీసిన బట్టలు మడతపెట్టి పిట్టగోడమీద పెట్టుకుని, ఏమీ ఆలోచించకుండా కొబ్బరిచెట్ల వైపు చూస్తూ నిలబడేదాన్ని. రోజు మొత్తంమీద నాకు నేను దొరికింది ఆ అరగంటే. మా అత్తగారు గట్టి మనిషి, ఏ పనికైనా లెక్క అడిగేది. కానీ "బట్టలకి ఇంతసేపా?" అని ఆవిడ ఒక్కనాడూ అడగలేదు. ఆవిడా ఒకప్పుడు అదే మేడమీద అవే బట్టలు తీసిన కోడలే మరి.

అంచేత ఒంటిగా ఉండాలనుకోవడం నేరమంటే నేను ఒప్పుకోను. పైగా ఆ మేడమీది ఏకాంతం తియ్యగా ఉండటానికి కారణం, కింద పదిమంది అలికిడి వినిపిస్తూ ఉండటమే. ఇల్లంతా ఊరెళ్ళిన రోజున అదే మేడమీద నిలబడితే భయమేసింది. మనకి కావలసింది కాసేపు తప్పించుకోవడం. తప్పించుకోవడానికైనా మనుషులుండాలి కదా.

అలాగని ఎప్పుడూ తప్పించుకునే తిరిగితే?

మావాడు చెప్పిన ఇంకో కథ వినండి. మొదట్లో ఏ గుహలోకన్నా వెళ్ళాలంటే ఐదుగురు కావాలి. దెబ్బలు కాసేవాడొకడు, గాయాలు మాన్పేవాడొకడు, కొట్టేవాళ్ళు ముగ్గురు. గాయాలు మాన్పేవాడి బతుకు అచ్చం పంక్తిలో వడ్డించేవాళ్ళ బతుకేట, ఎప్పుడూ అందరి విస్తళ్ళూ చూసుకోవడమే సరి. ఆ ఐదుగురినీ పోగుచెయ్యడానికి బజార్లో నిలబడి కేకలు వెయ్యాలి, బతిమాలాలి, అందరూ వచ్చేదాకా గుహ దగ్గర కాచుకోవాలి. ఒక్కోసారి గంట పట్టేది. అయితే ఎవడు మాటమీద నిలబడతాడో, ఎవడు మధ్యలో వదిలేసి పోతాడో ఆ సర్వరులో అందరికీ తెలిసిపోయేది. 2009 డిసెంబరులో ఆ కష్టం తీర్చారు. మీట నొక్కితే చాలు, యంత్రమే వేరే వేరే సర్వర్లలోంచి ఐదుగురిని ఏరి, గుహ గుమ్మంలో దింపుతుంది. పని కాగానే ఎవరి దారి వారిది. నోరు మెదపనక్కర్లేదు, మళ్ళీ కనపడనక్కర్లేదు. 2024 జనవరి వచ్చేసరికి మనుషులు కూడా అక్కర్లేదన్నారు. కొన్ని గుహల్లోకి యంత్రం ఆడించే నలుగురు తోడు వస్తారు. అలగరు, తొందరపెట్టరు, తప్పు చేసినా తిట్టరు.

వింటుంటే మా వీధిలో అప్పడాలు ఒత్తిన రోజులు గుర్తొచ్చాయి. ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు గనక ఐదారుగురం చేరేవాళ్ళం. ఇవాళ మా ఇంట్లో, రేపు వాళ్ళింట్లో. పిండి దంచేటప్పుడు ఎవరో ఒకరు పుల్లవిరుపు మాట అనేవారు, ఇంకెవరో మూతి ముడుచుకునేవారు. అయినా మర్నాడు మళ్ళీ వెళ్ళక తప్పేది కాదు, వాళ్ళ చెయ్యి కావాలి గనక. ఇప్పుడు పాకెట్టు కొనుక్కుంటున్నాం. నాకూ సుఖంగానే ఉంది, అబద్ధమెందుకు! కాని ఆ వీధిలో ఇప్పుడు ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో నాకు తెలియదు. సుఖం ఎదురింట్లోంచి వచ్చిన కష్టాన్నే కాదు, కబురును కూడా ఆపేసింది.

నార్వే రాజధాని ఓస్లోలో మాట్స్ స్టేన్ అనే కుర్రవాడుండేవాడు. వాడిది పుట్టుకతో వచ్చిన కండరాల జబ్బు. ఏటికేడాదీ ఒక్కొక్క కండరమే చచ్చుబడుతూ వస్తుంది. చిన్నతనంలోనే చక్రాల కుర్చీ తప్పలేదు. పెద్దయ్యాక రోజులో ఎక్కువ భాగం తెర ముందే, ఈ వార్‌క్రాఫ్ట్ ఆటలోనే గడిపాడు. కొడుక్కి స్నేహితులు లేరే, లోకంలో ఎవరికీ పనికిరాకుండా పోతున్నాడే అని తల్లీ తండ్రీ కుమిలిపోయారు. 2014 నవంబరులో, ఇరవై అయిదేళ్ళకే పోయాడు. కొడుకు ఇంటర్నెట్‌లో రాసుకునే చోట తండ్రి ఆ కబురు పెట్టాడు. చూసేవాళ్ళెవరున్నారులే అనుకుంటూనే పెట్టి ఉంటాడు.

ఉత్తరాలు రావడం మొదలుపెట్టాయి. ఒకటీ రెండూ కావు. ఆటలో వాడి పేరు ఐబెలిన్, వాడు చేరిన జట్టు పేరు స్టార్‌లైట్. ఆ జట్టువాళ్ళు దేశదేశాల నుంచి రాశారు. తమ మనసు బాగాలేనప్పుడు వాడు ఎంతసేపు విన్నాడో, ఏం చెప్పాడో రాశారు. డెన్మార్కులో ఒక తల్లికి, ఆటిజం ఉన్న తన కొడుకు దగ్గర కాలేక అలమటిస్తుంటే, ఆటలోనుంచే ఇద్దరికీ దారి చూపించాడట. తన జబ్బు సంగతి మాత్రం చాలాకాలం వాళ్ళెవరికీ చెప్పలేదు. అంత్యక్రియలకి కొందరు వేరే దేశాల నుంచి వచ్చి నిలబడ్డారు. ఇదంతా 2024లో సినిమాగా కూడా వచ్చింది.

ఆ కథలో నన్ను పట్టుకున్నది ఇంకో చిన్న ముక్క. ఆట తెరవగానే ఐబెలిన్ ముందు కాసేపు అడవి దారుల్లో పరుగెత్తేవాడట. నడవలేని పిల్లవాడు, ఒంటిగా, తనకోసం తాను పరుగెత్తడం. ఆ తరవాతే స్నేహాలూ, కబుర్లూ. వాడి రోజులో రెండూ ఉన్నాయి, ఒకదానికొకటి అడ్డం రాలేదు. ఆ తల్లి చూసింది కొడుకు వీపు ఒక్కటే. నేను చూస్తున్నదీ మా మనవడి వీపే కదా!

ఇన్నీ అనుకున్నాక నాకు తోచింది ఇది. ఎవడు ఎంతసేపు ఒంటిగా ఆడాడు, ఎంతసేపు నలుగురితో ఆడాడు అని గడియారం పెట్టి కొలవడం దండగ. మనం రాకపోతే, ఏమయిందో అని ఎదురుచూసేవాళ్ళు ఒకరైనా ఉన్నారా? మనం ఎవరికోసమైనా అలా చూస్తున్నామా? అడగవలసింది ఆ రెండే. యంత్రం తోడిచ్చిన నలుగురూ ఎంతసేపైనా ఆగుతారు. ఆగడం వేరు, ఎదురుచూడటం వేరు. ఆలస్యమైతే విసుక్కునేవాడే, రాకపోతే కంగారుపడేవాడు కూడా. ఆ విసుగు భరించకుండా ఈ కంగారు దొరకదు.

మొన్న రాత్రి మజ్జిగ పట్టుకెళ్ళేసరికి మావాడు ఇంగ్లీషులో ఎవరితోనో, "పరవాలేదు, వెళ్ళిరా, మేం ఉంటాం" అంటున్నాడు. ఎవర్రా అంటే, పోలండు కుర్రాడట. వాళ్ళమ్మ భోజనానికి పిలిచిందట. వాడొచ్చేదాకా నలుగురూ గుహ ముందు కూర్చున్నారు. అమ్మలు ఏ దేశంలోనైనా వేళ చూసుకునే పిలుస్తారన్నమాట!

గ్లాసు బల్లమీద పెట్టాను. వెళ్ళిపోదామనుకున్నదాన్ని, చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చుకుని ఆ గదిలోనే మూల కుర్చీలో కూర్చున్నాను. ఏమీ అడగలేదు. వాడి ఆట వాడిది, నా ఈనెలు నావి.

చాలాసేపయ్యాక, తెరమీంచి చూపు తిప్పకుండానే, "అమ్మమ్మా, ఉన్నావా?" అన్నాడు.

"ఉన్నాన్రా" అన్నాను.