దేవుడు లేని గుట్టకు యాత్ర

వరంగల్‌లో పొద్దున్నే బయల్దేరిన బస్సు పరకాల దాటి రేగొండ దారి పట్టిందంటే, అందులోని బృందం చూసి రాబోయేవి కొడవటంచ లక్ష్మీనరసింహస్వామి, పాండవుల గుట్టలు, గణపురం కోటగుళ్లు, చివరికి పాలంపేట రామప్ప. పొద్దుగూకే వేళకు తిరుగు ప్రయాణం. వీటిలో మొక్కు ఉన్న చోటుకు పోతేనే యాత్ర, మిగతాది కాలక్షేపం అని చాలామంది నమ్మకం. ఈ లెక్క మన సంప్రదాయానికే సరిపడదు. పుట్టిన ప్రతివాడూ దేవతలకు, రుషులకు, పితరులకు, సాటి మనుషులకు రుణపడే పుడతాడని శతపథ బ్రాహ్మణం చెబుతుంది. దేవతల రుణానికి యజ్ఞం ఉంది. రుషుల రుణం మాత్రం అధ్యయనంతోనే తీరుతుంది. మనకు ముందటివాళ్లు ఏం తెలుసుకున్నారో, ఏం చేశారో శ్రద్ధగా తెలుసుకోవడమూ ఒక బాకీ తీర్చడమేనన్నమాట. ఆ కొలతతో చూస్తే గుడిలో గంట కొట్టడం ఎంత ధర్మమో, పాత రాయి ముందు నిలబడి దాన్ని చదవడమూ అంతే ధర్మం.

పాండవుల గుట్టల దగ్గర ఈ మాట బాగా అర్థమవుతుంది. చరియల కింద అడవిదున్న, జింక, పులి, విల్లంబుల బొమ్మలున్నాయి. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు, తెలుపు రంగుల్లో. 1990లో పరిశోధకుల దృష్టికి వచ్చాయి. వాటిలో ఆదిమానవుల కాలం నాటివాటిని గీసిన చేతులకు పేరు లేదు, కులం లేదు. అక్కడ కొబ్బరికాయ కొట్టి తీర్చగలిగిన బాకీ ఏదీ లేదు. పాండవుల పేరు పెట్టడం చరిత్రకు ద్రోహం కాదా అని కొందరు అడుగుతారు. ఊరివాళ్లు తమకు తెలిసిన అతి పురాతన మనుషుల పేరే ఆ గుట్టకిచ్చారు, అందులో గౌరవం ఉంది. కానీ కథ విని వెనుదిరిగితే అసలు గీసినవాళ్లకు మళ్లీ అన్యాయమే. కోటగుళ్ల సంగతీ అలాంటిదే. శిథిలమైన గుడికి, భిన్నమైన విగ్రహానికి పూజ ఉండదంటారు. ఉండకపోవచ్చు. పూజ ఆగినచోట శిల్పి పనితనం కూడా ఆగిపోయిందని ఏ శాస్త్రమూ అనలేదు.

చూపుతో ఏమొస్తుందనే వాళ్లకు రామప్పే జవాబు. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి గోడల మీద నాట్య భంగిమలున్నాయి. నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ వాటినీ, జాయప సేనాని నాట్యగ్రంథం నృత్తరత్నావళినీ కలిపి చదివి, మరుగున పడిన పేరిణి నాట్యాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. భక్తితో దండం పెట్టి పోయినవాళ్లు తరతరాలుగా ఉన్నారు. ఆ నాట్యం తిరిగొచ్చింది మాత్రం నిలబడి చూసినవాడి వల్ల.

ఒక్కరోజులో, గుంపుగా, అన్నం మూటలతో, ఫోన్లతో పోయి ఏం చదువుతారన్నది గట్టి అభ్యంతరమే. గుంపును తప్పుపట్టలేం. ఏనుగుల వీరాస్వామి 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి పెద్ద పరివారంతోనే కదిలాడు. దారిలోని ఊళ్లు, జనం తీరు అన్నీ రాసిపెట్టాడు. ఆ మొక్కుకూ ఆ కుతూహలానికీ ఎక్కడా తగువు రాలేదు. అయితే ఆయనకు పదిహేను నెలలు పట్టింది, మన బస్సుకు పన్నెండు గంటలు. నాలుగు చోట్లను ఒక్క పగలులో ఇరికించడమే ఇక్కడి దోషం. ఒక్క గుట్టకే పోయి, తెలిసిన మనిషిని వెంటబెట్టుకుని, ఒక చరియ కింద గంటసేపు కూర్చుంటే అదే పగలు చాలు. అక్కడ పాటించవలసిన నియమం కూడా గుడిదానికి భిన్నం. గుడిలో స్వామి పాదాలు తాకాలని చేయి చాపుతాం. ఈ రంగులు చేతులు తాకితే దెబ్బతింటాయి కాబట్టి చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి.