గొంతు లేని బాకీలు

నెల మొదట్లో ఇంటి ఖర్చుల కాగితం ముందేసుకుని కూర్చున్నప్పుడు మనం వాడే మాటల్లో అన్నిటికంటే ప్రమాదకరమైన మాట "అనవసరం". బియ్యం, కూరగాయలు, కరెంటు, ఫీజులు, మందులు అని వరుసగా రాసుకుంటూ పోతాం. పక్కన అంకెలు వేస్తాం. మొత్తం కూడేసరికి గుండె గుభేల్మంటుంది. ఇంక ఒక్కోదాని మీద గీత కొట్టడం మొదలుపెడతాం. గీత కొట్టేవాళ్ళు లెక్క చేస్తున్నామనే అనుకుంటారు. కానీ ఆ ఇంట్లో ఎవరి అవసరం అవసరమో, ఎవరిది కాదో అక్కడ తీర్పు జరిగిపోతూ ఉంటుంది. వాదనలు లేకుండా, చాలాసార్లు శిక్ష పడేవాళ్ళు ఆ గదిలో కూడా లేకుండా.

అప్పు తీర్చడం ఎలాగో చెప్పే వీడియోలన్నీ మొదట ఒకటే పని చెయ్యమంటాయి: అవసరాలు ఒక పక్క, కోరికలు ఒక పక్క రాసుకోమంటాయి. వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో! కానీ ఆ రెంటి మధ్య గీత ఎక్కడుంటుందన్నది పాత ప్రశ్న. 1776లో వచ్చిన 'ద వెల్త్ ఆఫ్ నేషన్స్'లో ఆడమ్ స్మిత్ నార చొక్కా గురించి రాశాడు. బతకడానికి నార చొక్కా అక్కర్లేదు, గ్రీకులూ రోమన్లూ అది లేకుండానే సుఖంగా బతికారు. కానీ తన కాలంలో ఒక కూలివాడు అది లేకుండా నలుగురిలోకి రావాలంటే సిగ్గుతో చచ్చిపోతాడు, అందుకని అదీ అవసరమే అన్నాడు. అంటే ఒంటికి కావలసింది మాత్రమే అవసరం కాదు. నలుగురిలో తల దించుకోకుండా నిలబడటానికి కావలసింది కూడా అవసరమే.

ఇప్పుడు ధర్మసాగర్‌లో ఒక ఇంటిని ఊహించుకుందాం. హనుమకొండ జిల్లాలో మండల కేంద్రం అది. చుట్టూ పొలాలు, బస్సెక్కితే కాజీపేట, హనుమకొండ. ఈ ఇంట్లో ఆయన ట్రాలీ ఆటో నడుపుతాడు. డీజిలూ రిపేర్లూ పోను నెలకు 18,000 మిగులుతాయి. ఆమె హనుమకొండలో బట్టల షాపులో పని చేస్తుంది, జీతం 10,000. అత్తమ్మకు షుగరూ బీపీ. పెద్దపిల్ల ఇంటర్, చిన్నోడు ఎనిమిదో తరగతి. మామ ఆస్పత్రిలో ఉన్నప్పుడు తెచ్చిన 3 లక్షల అప్పు అట్లాగే ఉంది, నూటికి రెండు రూపాయల వడ్డీ. మహిళా సంఘంలో తీసుకున్న లోనుకు నెలకు 2,500 కిస్తీ. ఈ మనుషులూ అంకెలూ నేను కల్పించినవే. కాగితం మాత్రం మీకు తెలిసిన ఏదో ఒక ఇంట్లో ఉండే ఉంటుంది.

రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి చిన్నగా ఉంటుంది. పావలా వడ్డీ, రూపాయి వడ్డీ అని లెక్కపెట్టుకునే అలవాటులో అది నెలకు నూటికి రెండు అని, అంటే ఏడాదికి 24 శాతం అని మనసుకు తట్టదు. 3 లక్షలకు నెలకు 6,000. ఆ 6,000 మాత్రమే కట్టుకుంటూ పోతే 50 నెలల్లో 3 లక్షలు కట్టినట్టు, అసలు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గనట్టు. ఇంకో 3,000 కలిపి నెలకు 9,000 కడితే, ఇచ్చినాయన కొంచెం కొంచెంగా అసలు తీసుకోవడానికి ఒప్పుకుంటే, దాదాపు 56 నెలల్లో తీరుతుంది. అప్పటికి 3 లక్షలకు 5 లక్షల దాకా కట్టి ఉంటారు. నెలకు 12,000 కట్టగలిగితే 35 నెలలు చాలు. కాబట్టి ఖర్చు తగ్గించుకోమనే సలహాలో నిజముంది. ఆ మొదటి 3,000 ఆ ఇంటికి బతుకంత ముఖ్యం.

ప్రశ్నల్లా అవి ఎక్కడి నుంచి వస్తాయన్నదే.

కొంత బయటి నుంచి కలిసొచ్చింది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్ళకు ఆర్టీసీ బస్సు ఫ్రీ అయింది కాబట్టి ఆమెకు దారి ఖర్చు తగ్గింది. 2025 ఉగాది నుంచి రేషన్ మీద సన్నబియ్యం వస్తున్నాయి, మనిషికి ఆరు కిలోలు. కిరాణా కొట్టులో బియ్యం కొనేది తగ్గింది. ఇవి మిగిల్చింది నేరుగా వడ్డీలోకి పోయింది. ఇంకా కావాలి. అప్పుడు గీతలు మొదలవుతాయి.

పాలు లీటరు నుంచి అరలీటరుకు దిగుతాయి. "నాకు పాలు పడయి తియ్" అంటుంది ఆమె, నిన్నటిదాకా పడ్డవే. అత్తమ్మ పొద్దుటి గోలీని రోజు విడిచి రోజు వేసుకుంటుంది. "ఒక్క గోలీ తప్పితే ఏమైతది బిడ్డా" అంటుంది. పెద్దపిల్ల కోచింగ్ వచ్చే ఏడాదికి పోతుంది. ఆదివారం కూర వండిన రోజు అందరికీ వడ్డించినాక గిన్నెలో పులుసే మిగిలితే, "నాకేం ఆకలైతలేదు, మీరు తినుండ్రి" అనే మాట వినపడుతుంది. ఆయన సాయంత్రపు సీసా మీద మాత్రం గీత పడదు, పొద్దంతా బస్తాలు మోసిన ఒళ్ళు కదా అని. ఆ ఒంటి నొప్పి నిజమే. కానీ రోజంతా షాపులో కూర్చోకుండా నిలబడ్డ కాళ్ళ నొప్పి కాగితం మీదికి రాలేదు, ఎందుకంటే ఆ నొప్పికి ఎప్పుడూ ఒక ఖర్చు లేదు. ఖర్చు లేనిదాన్ని ఎవరూ తగ్గించరు. గుర్తించనూ గుర్తించరు.

ఇల్లంటే ఒకే మనసున్న మనిషి కాదని, ఒకే కప్పు కింద సహకారమూ ఘర్షణా రెండూ ఉంటాయని అమర్త్య సేన్ 1990లో ఒక వ్యాసంలో రాశారు. ఇంటికి ఎవరు ఎక్కువ తెస్తున్నారని అందరూ అనుకుంటారో, తనకేం కావాలో ఎవరు గట్టిగా అనుకోగలరో, వాళ్ళ వైపే పంపకం మొగ్గుతుందని ఆయన వాదన. ఆ గిన్నె దగ్గర ఆమె అబద్ధం చెప్పట్లేదు. తన ఆకలిని ఆకలిగా లెక్కపెట్టే అలవాటు ఆమెకు లేదు, అంతే.

నాకు అర్థమైనంతలో ఇక్కడ జరుగుతున్నది ఇది: ఆ ఇల్లు అప్పును తీర్చట్లేదు, చేతులు మారుస్తోంది. వడ్డీకి ఇచ్చినాయనకు ఫోన్ ఉంది, గొంతుంది, గడపలో నిలబడే హక్కుంది. అత్తమ్మ కిడ్నీలు ఫోన్ చెయ్యవు. ఆమె ఒంట్లో తగ్గుతున్న రక్తం గడపలోకొచ్చి పరువు తియ్యదు. కోచింగ్ మానేసిన పిల్ల, అడిగితే "నాకే ఇష్టం లేదు" అంటుంది. గట్టిగా అడిగేవాడి బాకీని, అడగలేని వాళ్ళ దగ్గర తెచ్చి కడుతున్నారు. వీళ్ళ దగ్గర తెచ్చిన దానికి నోటు లేదు, సాక్షులు లేరు. వడ్డీ మాత్రం ఉంది, కనపడేసరికి అది రెండు రూపాయల వడ్డీని మించిపోయి ఉంటుంది.

ఇంటి బయట కూడా ఇంతే. ఖర్చులు తగ్గించేటప్పుడు ముందు గీత పడేది పెళ్ళిళ్ళ చదివింపుల మీద. చదువుకున్నవాళ్ళకు అది శుద్ధ దండగ. కానీ ఊళ్ళో ప్రతి ఇంట్లో ఒక నోటుబుక్కు దాచి ఉంటుంది. మన ఫంక్షన్‌లో ఎవరు ఎంత రాయించారో అందులో ఉంటుంది. "వాళ్ళు మన పిల్ల ఫంక్షన్‌కు వెయ్యి రాసిండ్రు" అన్న మాటలో లెక్క ఉంది, కృతజ్ఞత ఉంది, భయం కూడా ఉంది. అది వడ్డీ లేని అప్పుల పుస్తకం, గడువు తేదీ లేని చిట్టి. రేపు అర్ధరాత్రి ఆస్పత్రికి పోవలసి వస్తే బండి తీసేది ఆ పుస్తకంలో ఉన్న పేర్లే. ఆ వెయ్యిని దండగ అని కొట్టేసిన ఇల్లు ఒక బాకీ ఎగ్గొట్టిందనే ఊరు లెక్కేసుకుంటుంది. అట్లాగని ఉన్నదంతా పెళ్ళిళ్ళకు రాయించమని కాదు. వెయ్యి బదులు రెండు వందలు రాయించి, పొద్దున్నే పోయి పెళ్ళిపనిలో చెయ్యి వేసి రావచ్చు. బాకీ ఒప్పుకోవడానికీ, లేదని కొట్టేయడానికీ చాలా తేడా ఉంది.

మన చట్టానికి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 60వ సెక్షన్ ఉంది. కోర్టు డిక్రీ ఇచ్చినా సరే, అప్పున్నవాడి ఇంట్లో కొన్నిటిని జప్తు చెయ్యకూడదంటుంది అది. వాళ్ళకు తప్పనిసరైన బట్టలు, వంట గిన్నెలు, పడకలు. మతాచారం ప్రకారం ఆడమనిషి ఒంటి మీంచి తియ్యకూడని నగలు. చేతిపనివాడి పనిముట్లు. రైతు బతకడానికి కావలసిన నాగలి సామాను, పశువులు, విత్తనాల గింజలు. అప్పు ఎంత న్యాయమైనదైనా దాన్ని రాబట్టుకునే హక్కుకు ఒక హద్దుందని, ఆ హద్దు దాటితే మనిషి మళ్ళీ లేవలేడని ఆ సెక్షన్ అర్థం.

విచిత్రమేమిటంటే కోర్టు ముట్టుకోలేని వాటిని మనమే మన చేతులతో తీసిస్తాం. పుస్తెలతాడు తాకట్టుకు పోతుంది. తాకట్టు పెట్టిన నగను వేలం వెయ్యడానికి ఏ కోర్టు జప్తూ అక్కర్లేదు. మన కాగితం మీద 60వ సెక్షన్ లేదు. కావలసింది అదే: గీతలు కొట్టడానికి ముందు, ఏం జరిగినా గీత పడకూడనివి ఏవో రాసుకోవడం. అత్తమ్మ గోలీలు. పిల్లల పాలు. పెద్దపిల్ల చదువు. ఆయన ఆటో సర్వీసింగ్. ఆమె కడుపునిండా తినే తిండి. ఇవి పోయినాకే మిగతా లెక్క.

"మరి బాకీ ఎగ్గొట్టమంటారా?" అని అడగొచ్చు. లేదు. ఇచ్చిన మాటకు బరువుంది, అవసరానికి ఆదుకున్నవాడి డబ్బు అది. కానీ అప్పు మొత్తాన్ని ఒక ఇంటి శీలంగా చూడటంలో మోసముంది. 2019లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో వ్యవసాయ కుటుంబాల్లో 91.7 శాతం అప్పుల్లో ఉన్నాయి, దేశమంతటా చూస్తే 50.2 శాతం. నూటికి తొంభై ఇళ్ళు ఒకేసారి దుబారా మనుషులైపోయారని ఎవరూ అనలేరు. అడిగే గొంతుకు కూడా హద్దు పెట్టవలసిన రోజొకటి వచ్చింది. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల మీద ఆర్డినెన్స్ తెచ్చినప్పుడు, కిస్తీల వసూలు ఇళ్ళ దగ్గర కాకుండా గ్రామ పంచాయతీ ఆఫీసులో, లేదా కలెక్టర్ చెప్పిన బహిరంగ స్థలంలో మాత్రమే జరగాలని పెట్టింది. బాకీ బాకీయే, గడప గడపే అని ఒప్పుకోవడం అది. వడ్డీ తగ్గించమని, అసలు కొంచెం కొంచెంగా తీసుకోమని ఇచ్చినాయనతో కూర్చుని మాట్లాడటం కూడా ఖర్చు తగ్గించుకోవడమే. ఆ పని మనకు సిగ్గు, అత్తమ్మ గోలీ తగ్గించడం సిగ్గు కాదు.

ధర్మసాగర్ చెరువు ఇప్పుడు రిజర్వాయర్. దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు ఇక్కడికొస్తాయి, వరంగల్ నగరానికి తాగునీళ్ళు ఇక్కడి నుంచి పోతాయి. అంతకుముందు నుంచీ చెరువుల కింద బతికిన నేల ఇది. తెలంగాణ చెరువుల కింద తైబందీ అనే మాట ఉంది. యాసంగికి చెరువులో నీళ్ళు తక్కువున్నప్పుడు, ఉన్న నీళ్ళతో ఎంత నేల పారుతుందో ముందే తేల్చుకుని అంతవరకే సాగు పెట్టుకోవడం. తూము దగ్గర ఉన్నవాడు తన పొలం నింపుకుని, చివరి మడివాడిని "ఈసారికి సర్దుకో" అంటే దాన్ని తైబందీ అనరు.

ఇంటి బడ్జెట్‌కు కావలసింది ఈ తైబందీయే. అప్పెంతో ఇంట్లో అందరికీ తెలియాలి, పిల్లలకు కూడా, వాళ్ళ వయసుకు తగ్గట్టుగా. చాలా ఇళ్ళలో అప్పు మగవాళ్ళ రహస్యం, పొదుపు ఆడవాళ్ళ బాధ్యత. రెండూ ఒకే చాప మీదికి రావాలి. హైదరాబాద్‌లో ఫ్లాట్ ఈఎంఐ కడుతూ ఊరికి పంపే డబ్బులో కోత పెట్టే మనలాంటి వాళ్ళకూ ఇది వర్తిస్తుంది. తూము దగ్గర మనమే ఉన్నాం.

ఆ కాగితం మీద ఇంకో గడి గీసుకోవచ్చు: "ఎవరి నుంచి?" అని. పాలు అరలీటరు తగ్గితే, ఎవరి గ్లాసు నుంచి తగ్గిందో పేరు రాయాలి. కోచింగ్ ఆగితే, ఎవరిది, ఏ నెల నుంచో రాయాలి. అట్లా రాస్తే కొన్ని గీతలు కొట్టడానికి చెయ్యి రాదు. కొట్టక తప్పనివి మాత్రం ఖర్చు తగ్గినట్టు కాకుండా, ఫలానా మనిషికి పడ్డ బాకీగా నిలుస్తాయి.

3 లక్షల నోటు చింపేసే రోజు ఎప్పుడో వస్తుంది. ఆ రోజు ఆ ఇంట్లో కోడి కూర వండుకుంటారు. వండుకోవాలి కూడా. తెల్లారి ఆ కాగితం మళ్ళీ బయటికి తీస్తే, పక్క గడిలో ఇంకా తీరని పేర్లు కనపడతాయి. వాళ్ళెవరూ అడగరు. అందుకే రాసిపెట్టుకోవడం.