కొండ దిగాక ఇంకో దర్శనం

శ్రీవారి బ్రహ్మోత్సవాల్లో మొదటి రోజు రాత్రి స్వామి పెద్ద శేషుడి మీద ఊరేగుతాడు. మర్నాడు పొద్దున చిన్న శేషుడు, రాత్రి హంస. మూడో రోజు పొద్దున సింహం. అయిదో రోజు రాత్రి గరుడ సేవకు మాడవీధుల్లో నిలబడడానికి చోటు దొరకదు. ఆరో రోజు హనుమంతుడు, ఏనుగు. ఎనిమిదో రోజు రాత్రి గుర్రం. తొమ్మిది రోజుల్లో ఆయన ఎక్కే వాహనాల్లో సగానికి సగం పాములు, పక్షులు, జంతువులే. మనం చేతులెత్తి మొక్కేటప్పుడు స్వామికే కాదు, ఆయనను మోస్తున్న ప్రాణికి కూడా మొక్కుతున్నాం. అదే ప్రాణి మరుసటి రోజు ఎదురుగా కనిపిస్తే మాత్రం అరటిపండు విసురుతాం, ఈల వేస్తాం, సెల్ఫీ తీసుకుంటాం. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం తగ్గించుకోవడానికి ఒక పూట చాలని నా నమ్మకం.

సెలవుల్లో తిరుపతి వచ్చే కుటుంబాలకు ఆ పూట సులువుగానే దొరుకుతుంది. దర్శనం అయిపోతుంది, లడ్డూలు చేతికి వస్తాయి, తిరుగు రైలు రాత్రికి ఉంటుంది. క్యూలైన్లలో విసిగిపోయిన పిల్లలు ఎక్కడికైనా తీసుకెళ్లమంటారు. శేషాచలం పాదాన, ఊరి అంచున శ్రీవేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల ఉంది. 1987లో మొదలైంది. 5,532 ఎకరాలు. అందులో ఎక్కువ భాగం ఇప్పటికీ అడవే. మన పురాణాల్లో జంతువులకున్న చోటును గుర్తుచేయాలన్న తలంపుతో ఏర్పాటైన జూ ఇది. కాబట్టి కొండ మీది యాత్రకు, కొండ కింది ఈ పూటకు మధ్య గీత గీయనక్కరలేదు. కాకపోతే యాత్రకు ఎలా సిద్ధమవుతామో దీనికీ అలాగే సిద్ధం కావాలి.

ఆ సిద్ధపడడం ముందు రోజు రాత్రే, సత్రం గదిలో, ఒక కథతో మొదలుకావాలి. భాగవతం ఏకాదశ స్కంధంలో కృష్ణుడు ఉద్ధవుడికి చెప్పిన కథ ఉంది. యదు మహారాజు ఒక అవధూతను కలుస్తాడు. ఇల్లూ వాకిలీ లేని ఆ మనిషి ముఖంలో అంత ఆనందం ఎక్కడిదని అడుగుతాడు. తనకు ఇరవై నలుగురు గురువులని ఆయన చెబుతాడు. ఆ గురువుల్లో నేల, నీరు, నిప్పు, సూర్యచంద్రులతో పాటు పావురం, కొండచిలువ, మిడత, తేనెటీగ, ఏనుగు, జింక, చేప, పాము, సాలెపురుగు ఉన్నాయి. పెద్దలు ఆ అవధూతను దత్తాత్రేయుడిగా కొలుస్తారు. ఆయన ఏ గురుకులంలోనూ కూర్చోలేదు, ఏ గ్రంథమూ ముందు పెట్టుకోలేదు. ఆగి చూశాడు. కదిలిపోతున్న జంతువును దాటి వెళ్లిపోకుండా దాని దగ్గర నిలబడ్డాడు. ఆయన సాధనలో సగం ఆ నిలబడడమే.

ఇక్కడే మన జూ ప్రయాణాలు దారి తప్పుతున్నాయి. గేటు దగ్గర మ్యాపు చూసి, మధ్యాహ్నం లోపల ఎన్ని ఎక్కువ చూడగలమా అని పరుగు తీస్తాం. పులి చూశాం, పద. జిరాఫీ చూశాం, పద. ఒక్కో ఆవరణ ముందు నిలిచేది ఫొటో తీసేంతసేపే. ఇంటికి వెళ్లాక పిల్లవాణ్ని ఏం చూశావురా అని అడిగితే పేర్లు మాత్రం చెబుతాడు. దర్శనంలో స్వామి ముందు రెండు క్షణాలు దక్కితేనే కళ్లనీళ్లు పెట్టుకుంటాం కదా! ఇక్కడ జరగండి జరగండి అనేవాళ్లు ఎవరూ లేరు. ఎంతసేపైనా నిలబడవచ్చు. దొరికిన ఆ వరాన్ని మనమే వదులుకుంటున్నాం.

అందుకే చూడాల్సినవాటిని తగ్గించుకోండి. ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కో ప్రాణిని కోరుకోమనండి. నాన్నమ్మ ఏనుగంటుంది, మనవడు మొసలంటాడు, మనవరాలు నెమలంటుంది. ఆ మూడింటి దగ్గరా తీరుబడిగా గడపండి. మిగతావి దారిలో కనిపిస్తే చూసినట్టు. పొద్దున్నే, గేటు తీసే వేళకు వెళ్లండి. ఎండ ముదిరితే జంతువులు నీడకు చేరి పడుకుంటాయి. సింహం రోజులో చాలా భాగం నిద్రలోనే గడుపుతుంది, అది దాని స్వభావం. నిద్రపోతున్న సింహం దగ్గర పిల్లలు అరుస్తుంటే ఆపాల్సింది మనమే. ఏకాంత సేవ వేళ గుడి ముందు కేకలు వేస్తామా?

కొండచిలువ దగ్గరకు వెళ్లినప్పుడు అవధూత మాట చెప్పండి. దొరికింది తిని, దొరకనినాడు ఆరాటపడకుండా పడి ఉండడం దాని దగ్గర నేర్చుకున్నానన్నాడాయన. అది ఉత్త ఉపమానం కాదు. ఒక్కసారి కడుపునిండా తిన్న కొండచిలువ వారాల తరబడి, ఒక్కోసారి నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. ఏనుగు గురించి ఆయన చెప్పింది ఇంకో రకం. ఆడ ఏనుగు స్పర్శ కోసం వెళ్లి అంత బలమైన జంతువూ గోతిలో పడుతుందన్నాడు. జింకను వేటగాడి పాట పట్టిస్తుంది, చేపను నాలుక పట్టిస్తుంది. ఈ మాటలు పదేళ్ల పిల్లలకు అర్థం కావనుకోకండి. చేతిలోని ఫోను తనను ఎలా పట్టి ఉంచుతోందో జింక కథ విన్న పిల్ల తనంతట తానే చెబుతుంది.

మొసళ్ల మడుగు దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగాలి. మన ఇళ్లలో గజేంద్ర మోక్షం చెప్పే తీరులో ఒక లోపం ఉంది. ఏనుగు భక్తుడు, మొసలి దుర్మార్గం, విష్ణువు వచ్చి దుర్మార్గాన్ని చంపాడు, అంతే కథ. అష్టమ స్కంధం అలా చెప్పలేదు. గజేంద్రుడు పూర్వం ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపంతో ఏనుగయ్యాడు. ఆ మొసలి కూడా హూహూ అనే గంధర్వుడు, దేవలుడి శాపంతో ఆ రూపం పొందాడు. చక్రం తగలగానే అతడికీ విముక్తి దొరికింది. స్వామి పరుగెత్తి వచ్చింది ఒక్కరి కోసమే అయినా గట్టెక్కింది ఇద్దరూ. ఇది తెలిసిన పిల్లవాడు ఒడ్డున నోరు తెరుచుకుని కదలకుండా పడుకున్న మొసలిని రాక్షసిగా చూడడు. అది ఎవర్నో మింగడానికి నోరు తెరవలేదు, ఒంటి వేడి తగ్గించుకుంటోంది. ఏనుగు చెవులు విసురుకోవడమూ అందుకే. రెండూ ఒకే ఎండను ఓర్చుకుంటున్నాయి.

తినిపించడం గురించి కచ్చితంగా మాట్లాడాలి. మన మంచితనం దారి తప్పేది అక్కడే. జీవికి అన్నం పెట్టడం పుణ్యమని మనకు నేర్పారు, నిజమే. కానీ జూలో జంతువుకు ఏం పెట్టాలో, ఎంత పెట్టాలో, ఎప్పుడు పెట్టాలో చూసుకునే వైద్యులు, సంరక్షకులు ఉన్నారు. మనం విసిరిన చిప్స్, లడ్డూ ముక్క దాని కడుపుకు బరువు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 ప్రకారం జూలో జంతువును ఏడిపించడం, గాయపరచడం, దానికి తినిపించడం, అరుపులతో బెదరగొట్టడం, అక్కడ చెత్త వేయడం అన్నీ నేరాలే. చట్టం సంగతి అలా ఉంచినా, ఎదుటివారి అవసరం కనుక్కోకుండా మన తృప్తి కోసం చేసేది దానం ఎలా అవుతుంది? ఘాట్ రోడ్డులో కారాపి కోతులకు బిస్కెట్లు వేయడమూ ఇంతే. అవి అడవి తిండి మరిచి, రోడ్డు మీదికి వచ్చి, బళ్ల కింద పడతాయి.

ఈ వ్యాసం చదువుతూ కొందరికి ఒక సందేహం రావచ్చు. ప్రాణిని బంధించి చూడడంలో భక్తి ఏముంది, అది పాపం కాదా అని. న్యాయమైన సందేహం. బంధనం బంధనమే, దాన్ని అందంగా చెప్పకూడదు. కానీ తిరుపతి, విశాఖ జూలలో సర్కసుల నుంచి తెచ్చిన సింహాలకు, పులులకు ఆశ్రయంగా పునరావాస కేంద్రాలు పెట్టారన్న సంగతి కూడా తెలుసుకోవాలి. సింహం, పులి, చిరుత, ఎలుగుబంటి, కోతి, వీటిని ఆడించకూడదని కేంద్రం 1998లో ఉత్తర్వు ఇచ్చింది. సర్కసు యజమానులు కోర్టుకు వెళ్లారు. 2001లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును నిలబెట్టింది. బోనుల్లో పుట్టి, కొరడా దెబ్బలకు ఆడిన జంతువులకు వేట తెలియదు, వాటిని అడవిలో వదిలితే చచ్చిపోతాయి. మిగిలిన ఆయుష్షు నెమ్మదిగా గడవడానికే ఆ ఆశ్రయం. డేరాలో సింహం నిప్పు చట్రంలోంచి దూకుతుంటే చప్పట్లు కొట్టిన తాతయ్యలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. ఆ రోజులు ఎందుకు పోయాయో, పోవడం ఎందుకు మంచిదో మనవళ్లకు వాళ్లే చెబితే బాగుంటుంది.

హైదరాబాదు వాళ్లకు నెహ్రూ జూ పార్కు ఉంది. 1963లో తెరిచారు, మీరాలం చెరువు పక్కన, 380 ఎకరాలు. అక్కడికి వెళ్తే పిల్లలకు రాబందుల గురించి చెప్పండి. ఆ జూలో రాబందుల సంతతి పెంచే ప్రయత్నం జరుగుతోంది. సీత కోసం రెక్కలు తెగేదాకా పోరాడిన జటాయువుకు రాముడు కొడుకులా దహన సంస్కారం చేశాడు. దశరథుడికి దగ్గరుండి చేయలేకపోయినది ఒక పక్షికి చేశాడు. అలాంటి జాతి మన కళ్లముందే దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. పశువుల నొప్పులకు వాడిన డైక్లోఫినాక్ అనే మందే కారణం. ఆ మందు వేసిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు పాడైపోయేవి. 2006లో పశువులకు ఆ మందు వాడడాన్ని దేశంలో నిషేధించారు. అప్పటికే తెల్లవీపు రాబందుల్లో నూటికి తొంభైతొమ్మిదికి పైగా పోయాయి. ఎవరూ వాటిని చంపాలనుకోలేదు. ఎవరూ వాటి గురించి ఆలోచించలేదు, అంతే. రామాయణం రోజూ పారాయణ చేసే దేశంలో ఇది జరిగింది.

కొండ గురించీ ఒక మాట చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత దాడికి ఒక చిన్నారి ప్రాణం పోయింది. ఆ తల్లిదండ్రుల శోకం ముందు ఏ వేదాంతమూ నిలవదు. ఆ తర్వాత నడకదారి చుట్టుపక్కల పట్టిన చిరుతల్లో కొన్నిటిని తిరుపతి జూకు తరలించారు. నడకదారిలో పిల్లలకు వేళలు కట్టుదిట్టం చేశారు. శేషాచలం అడవులను 2010లో జీవావరణ మండలంగా ప్రకటించారు. ఎర్రచందనం, దేవాంగ పిల్లి, బంగారు బల్లి, చిరుత, ఇవన్నీ ఆ కొండల్లో మనకన్నా ముందునుంచి ఉన్నవే. పిల్లల్ని గుంపులో మధ్యన నడిపించండి, దారిలో తినుబండారాలు పారేయకండి. పారేసిన తిండికి కుక్కలు, అడవి పందులు వస్తాయి, వాటి వెనక చిరుత వస్తుంది. ఏడుకొండలవాడి ఇంటికి వెళ్లేవాళ్లం, ఆ ఇంట్లో ముందే ఉన్నవారి పట్ల మర్యాదగా ఉండడం మన బాధ్యత.

వీలుంటే దారిలో శ్రీకాళహస్తి కూడా చూసుకోండి. సాలెపురుగు, పాము, ఏనుగు, మూడూ ఒకే లింగాన్ని తమ తమ తీరుల్లో కొలిచి, పాము, ఏనుగు ఒకదాని పూజ ఇంకొకదానికి నచ్చక తగువుపడి, చివరికి మూడూ శివుడిలో కలిసిన చోటు అది. ఆ కథ జూ చూసి వచ్చిన పిల్లలకు చెబితే ఇంకోలా వినిపిస్తుంది. ఏనుగు బరువు, పాము జారుడు, సాలీడు ఓపిక అప్పటికి వాళ్లు కళ్లారా చూసి ఉంటారు.

బయలుదేరే ముందు రోజే జూ తెరిచే వేళలు కనుక్కోండి, వారానికి ఒకరోజు సెలవు ఉంటుంది. నెహ్రూ జూకు సోమవారం సెలవు. టోపీలు, మంచినీళ్లు పెట్టుకోండి, ప్లాస్టిక్ కవర్లు ఇంట్లోనే వదిలేయండి. నడవలేని పెద్దవాళ్లను తీసుకెళ్తే లోపల వాహనం ఉందా అని గేటు దగ్గర అడగండి. హుండీలో వేయడానికి మూట కట్టుకున్న ముడుపులోంచి కొంత తీసి పక్కన పెట్టండి. జంతువును దత్తత తీసుకుని కొంతకాలం దాని పోషణ ఖర్చు భరించే అవకాశం మన జూలలో ఉంది. పాప పుట్టినరోజు పేరిట ఒక చిన్న పక్షినైనా తీసుకోండి. ఎంత అవుతుందో కౌంటర్లో అడిగితే చెబుతారు.