వెన్న కరువైనప్పుడు
ఇంగ్లండులో ఆపిల్ కాపు రాగానే ఆ ముక్కల మీద ఓట్సూ – ఎన్నికల ఓట్లు కావు లెండి – పిండీ, వెన్నా, పంచదారా కలిపి నలిపి చల్లి, కరకరలాడేదాకా ఓవెన్‌లో పెడతారు. దాన్ని క్రంబుల్ అంటారు. రెండో ప్రపంచయుద్ధంలో ఇది ఇంటింటి వంటయింది. 1940లో మొదలైన రేషను 1954 దాకా సాగింది. ఒక దశలో మనిషికి వారానికి వెన్న రెండు ఔన్సులే, అంటే 57 గ్రాములు! టార్టుకి అడుగున రేకు పరచాలంటే అంత వెన్నెక్కడిది? పైన కాస్త పొడి చల్లి సరిపెట్టారు.

"ఎంత పొదుపరి ఇల్లాళ్ళో!" అని ఇప్పుడు మెచ్చుకుంటాం. ఆ మెప్పు నాకు మింగుడుపడదు. గత్యంతరం లేక చేసింది సుగుణమెలా అవుతుందండీ? ఉండీ తగ్గించుకుంటే కదా పొదుపు! అయితే, తన వంతు వెన్న కూడా పిల్లల గిన్నెలోనే నలిపేసిన తల్లి ఉంటుందే, ఆవిడకి మాత్రం వేరే దారి ఉంది. హాయిగా తను తినొచ్చు. ఆవిణ్ణి కూడా పొదుపు ఖాతాలోనే వేసేద్దామా?