మరణశాసనములో దిక్కులేని బిడ్డకు పాలు



విజయవాడ బాటను హైదరాబాదునకు వచ్చు మీలో అనేకులు ఎల్‌బీ నగర్‌లో బస్సు దిగుదురు. అచ్చటనుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు మెట్రో రైలెక్కినచో, మొదట వచ్చు స్టేషను పేరు విక్టోరియా మెమోరియల్. 2018లో రైలు వచ్చినది మొదలు ఆ పేరు వేలమంది నోట పలుకుచున్నది. అది అనాథ బాలల గృహము పేరని ఎందరెరుగుదురు? ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్ సరూర్‌నగర్‌లోని తన మహలును దిక్కులేని పిల్లలకు విడిచిపెట్టెను. 1901లో మరణించిన విక్టోరియా రాణి పేరు దానికి పెట్టిరి. ఇచ్చిన నవాబు 1911లో గతించెను. నేడు ఆ రాణి రాజ్యమును లేదు, నిజాము రాజ్యమును లేదు. పిల్లలకిచ్చిన యిల్లు మాత్రము నిలిచినది.

మనము నవాబులము కాము. రెండెకరముల చేనో, ఒక పెంకుటిల్లో మన ఆస్తి. అందులో కన్నవారు లేని బిడ్డకు పాలు వ్రాయవచ్చునా? అది మన బిడ్డల నోటి కూడు తీయుట కాదా?

కొన్నియేండ్ల క్రిందట మా సంఘములోని ఒక వృద్ధురాలు నన్ను పిలిపించి, "అయ్యగారూ, నా జాగ అంతా అనాథలకే రాయండి. కొడుకులు నన్ను చూస్తలేరు" అనెను. నాకు సంతోషము కలిగెను, దాచను. "దేవునికి స్తోత్రము" అనబోయి ఆగితిని. ఆమె కుమార్తె విధవరాలై, ఇద్దరు పిల్లలతో ఆ యింటనే యుండెను. తలిదండ్రులకు చెందవలసిన దానిని కొర్బానని చెప్పి తప్పించుకొనువారిని ప్రభువు గద్దించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయములో నున్నది. కోపముతో వ్రాసిన కానుక కొడుకులకు శిక్షయే గాని అనాథకు ప్రేమ కాదు. "ముందు మీ యింట్లోని తండ్రిలేని పిల్లల సంగతి చూడండమ్మా" అంటిని. ఆమె చాలసేపు మాటాడలేదు. వారము దినములకు అందరిని కూర్చుండబెట్టి, కుమార్తెకు ఇల్లు, కుమారులకు వారి పాళ్లు, పదియవ వంతు అనాథ బాలలకు అని వారి యెదుటనే చెప్పి వ్రాయించెను. పెద్ద కుమారుడు నేటికిని నాతో సరిగా మాటాడడు. అయినను ఆమె చేసినది న్యాయమని నా నమ్మకము.

"చచ్చిన తరువాత ఇచ్చుట ఏమి త్యాగము?" అని కొందరందురు. నిజమే. బ్రతికియుండగా పిడికిలి విప్పనివాడు మరణశాసనముతో తన ఋణము తీర్చుకొనజాలడు. అయితే నేడు పుట్టిన అనాథ పెద్దదగుటకు పదునెనిమిదేండ్లు పట్టును. అరువదేండ్లు దాటిన మన ఆయుష్షు అంతవరకు చాలునా? మన చేయి ఆగిన తరువాతను ఆ బిడ్డ గిన్నెలో అన్నము పడుటకే ఈ వ్రాత.

మన క్రైస్తవులకు ఒకప్పుడు ఇందులో అడ్డుండెను. అన్నదమ్ముల లేక అక్కచెల్లెండ్ర పిల్లలుగాని, అంతకంటె దగ్గరివారుగాని ఉన్న క్రైస్తవుడు ధర్మకార్యమునకు వ్రాసినచో, 1925 నాటి భారత వారసత్వ చట్టము 118వ సెక్షను ప్రకారము, ఆ వ్రాత మరణమునకు పండ్రెండు నెలల ముందే జరిగియుండవలెను; ఆరు నెలలలో దానిని చట్టము చెప్పిన చోట దాఖలు చేయవలెను. కేరళ గురువు జాన్ వల్లమట్టం వేసిన అర్జీమీద సుప్రీంకోర్టు 2003లో ఆ సెక్షనును కొట్టివేసెను. ఇప్పుడు మీ సంతకము, ఇద్దరు సాక్షుల సంతకములు చాలును. పాలు పొందువారిని సాక్షిగా పెట్టకుడి. పెట్టినచో వారి పాలు చెల్లదు. కానుక పొందు గృహము 2015 నాటి బాలల న్యాయ చట్టము క్రింద నమోదైనదో లేదో విచారించి, దాని పూర్తి పేరు వ్రాయుడి. పిల్లలను కాపాడని గృహమునకు ఇచ్చినది పిల్లలకిచ్చినట్లు కాదు.

జబ్బు మంచముమీద పడువరకు ఆగకుడి. ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిసిన పిమ్మట మీ బిడ్డలతో ఈ మాట ఎత్తుడి. వారి పాలు వారికి చెప్పుడి. తరువాత, ఎవరును అడుగని ఆ బిడ్డ పాలు ఎంతయో వారినే అడుగుడి.